సందేహాలు – సమాధానాలు: నొప్పి లేని పుండు, చెప్పకుండా ముదిరే జబ్బు

ప్రశ్న: రెండు నెలల క్రితం అంగం మీద ఒక పుండు లేచింది. నొప్పి, దురద ఏమీ లేవు. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే మూడు వారాల్లో మానిపోయింది. ఇప్పుడు అరచేతుల్లో, అరికాళ్లలో రాగిరంగు మచ్చలు వచ్చాయి. ఎలర్జీ అయి ఉంటుందా?

జవాబు: ఎలర్జీకి సాధారణంగా దురద ఉంటుంది, అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ ఒకేసారి ఇలాంటి మచ్చలు రావడం అరుదు. మీరు చెప్పిన వరస చూస్తే ఇది సిఫిలిస్, అంటే సవాయి రెండో దశ అని మొదట అనుమానించాలి. కాదని రక్తపరీక్షలో తేలితే సరే.

ఆయింట్‌మెంట్ మిమ్మల్ని మోసం చేసింది. ఈ పుండు ఏమీ రాయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానుతుంది. క్రిమి సోకిన 10 నుంచి 90 రోజుల మధ్య, ఎక్కువమందిలో మూడు వారాలకు, అది సోకిన చోటనే పుండు లేస్తుంది. అంచులు గట్టిగా, అడుగు శుభ్రంగా, ఎక్కువగా ఒక్కటే ఉంటుంది. గజ్జల్లో బిళ్లలు కడతాయి గానీ అవీ నొప్పి పెట్టవు. స్త్రీలకు యోని లోపలో గర్భాశయ ముఖద్వారం మీదో వస్తే అసలు కంటికే కనపడదు. పుండు మానే సమయానికి క్రిములు రక్తంలో చేరిపోయి ఉంటాయి. తరవాత మచ్చలు, సన్నటి జ్వరం, నోట్లో తెల్లటి పొరలు, జుట్టు అక్కడక్కడా ఊడటం వస్తాయి. ఇవి కూడా కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. అక్కడితో రోగం పోయిందనుకుని ఊరుకున్నవాళ్లలో కొందరికి ఏళ్ల తరవాత గుండె, రక్తనాళాలు, మెదడు దెబ్బతింటాయి.

రక్తపరీక్షలు రెండు చేయించుకోవాలి. వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ ఒకటి, టీపీహెచ్ఏ రెండోది. మొదటిది 1:32 లాంటి అంకెతో వస్తుంది, జబ్బు ఎంత చురుగ్గా ఉందో, మందు పని చేస్తోందో లేదో ఆ అంకె చెబుతుంది. గర్భవతుల్లో, మలేరియా వచ్చినవాళ్లలో, లూపస్ లాంటి జబ్బులున్నవాళ్లలో 1:2, 1:4 అని ఉత్తుత్తి పాజిటివ్ రావచ్చు, అందుకే టీపీహెచ్ఏతో సరిచూస్తారు.

మొదటి ఏడాదిలోపు దశలో చికిత్స ఒక్క రోజుతో సరి: బెంజథిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు, పిరుదుల కండరంలోకి. రెండు వైపులా సగం సగం చేస్తారు. ఎప్పుడు సోకిందో తెలియకపోయినా, ఏడాది దాటినా వారానికొకటి చొప్పున మూడు వారాలు. సూది వేసిన రోజే జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చి మచ్చలు ఎర్రబడితే పెనిసిలిన్ పడలేదని బెంబేలెత్తకండి. చచ్చిన క్రిముల ప్రభావం అది, పారాసిటమాల్‌తో 24 గంటల్లో తగ్గుతుంది. ఊపిరి ఆడకపోవడం, దద్దుర్లు, ముఖం వాపు ఉంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. పెనిసిలిన్ పడనివారికి, ఏడాదిలోపు దశలో అయితే, డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండు సార్లు, 14 రోజులు. గర్భవతులకు ఇది పనికిరాదు.

ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ ఆర్‌పీఆర్ చేయించాలి. 1:32 ఉన్నది 1:8కో అంతకంటే కిందికో దిగాలి. రెండుసార్లూ ఒకే పరీక్ష, వీలైతే ఒకే ల్యాబ్‌లో. టీపీహెచ్ఏ చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. దాన్ని చూసి భయపడి మళ్లీ మళ్లీ ఇంజెక్షన్లు చేయించుకునేవాళ్లున్నారు, అవసరం లేదు. మీ భార్యకు, ఈ మధ్యకాలంలో మీతో కలిసినవారికి పరీక్ష తప్పదు. గత 90 రోజుల్లో కలిసినవారికి రిపోర్టు నెగెటివ్ వచ్చినా చికిత్స చేస్తారు. అందరూ హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోండి, పుండున్నప్పుడు అది సోకే అవకాశం పెరుగుతుంది.

ప్రశ్న: సంపర్కం జరిగిన నాలుగో రోజు నుంచి మూత్రంలో మంట, పచ్చటి చీము. స్నేహితుడు చెప్పిన మాత్రలు వేసుకుంటే చీము ఆగింది. కానీ పొద్దున్నే ఒక చుక్క జిగట నీరు వస్తోంది.

జవాబు: నాలుగు రోజులకే చీముతో మొదలైందంటే గనేరియా కావచ్చు. చాలామందికి రెండు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది. దాంతో పాటు క్లమీడియా అనే మరో సుఖవ్యాధి కూడా సోకడం మామూలే. అది నిదానంగా, ఒకటి నుంచి మూడు వారాలకు బయటపడుతుంది. మీకిప్పుడు మిగిలింది ఇదే కావచ్చు, లేదా గనేరియానే మాత్రలకు లొంగి లొంగకుండా ఉండిపోయి ఉండొచ్చు. ఒకప్పుడు పని చేసిన మాత్రలు చాలావాటికి గనేరియా క్రిమి ఇప్పుడు అలవాటుపడిపోయింది. అందుకే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఒకటి ఇస్తారు. మోతాదు 500 మిల్లీగ్రాములా, ఒక గ్రామా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. క్లమీడియాకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండు పూటలా ఏడు రోజులు. మూడో రోజుకే బాగుందని మానేయకూడదు. ఖాళీ కడుపున, పడుకోబోయే ముందు వేసుకుంటే గొంతులో మంట పెడుతుంది, గ్లాసు నిండా నీళ్లతో కూర్చుని వేసుకోండి.

పరీక్షకు ఇచ్చే మూత్రం విషయంలో చాలామంది పొరపాటు పడతారు. మామూలు మూత్ర పరీక్షకు మధ్యలో వచ్చేది పట్టాలి, దీనికి మొట్టమొదట వచ్చే 20 నుంచి 30 మిల్లీలీటర్లే కావాలి. క్రిములుండేది మూత్రనాళం గోడల మీద కాబట్టి మొదటి ధారే వాటిని కడుక్కొస్తుంది. అంతకు ముందు కనీసం గంటపాటు మూత్రానికి వెళ్లకూడదు. పరీక్ష పేరు న్యాట్ లేదా పీసీఆర్. మీ భాగస్వామికీ చికిత్స జరగాలి. ఇద్దరి మందులూ పూర్తయ్యాక ఏడు రోజుల వరకు కలవకండి, మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోండి. ఆమెకు ఏ బాధా లేదు కదా అనకండి. స్త్రీలలో ఎక్కువమందికి క్లమీడియా సోకినట్టే తెలియదు, తెలియకుండానే గర్భనాళాలు మూసుకుపోయి పిల్లలు పుట్టని పరిస్థితి రావచ్చు.

ప్రశ్న: తెల్లబట్ట అవుతోంది, విపరీతమైన దురద. మా ఆయనకి ఏమీ లేదు. ఇది సుఖవ్యాధేనా?

జవాబు: కాకపోవచ్చు. విరిగిన పాలలా ముద్దలుగా, వాసన లేకుండా, దురదతో ఉంటే అది కాండిడా అనే ఫంగస్. యాంటీబయాటిక్స్ వాడాక, మధుమేహం అదుపులో లేనప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు వస్తుంది. సుఖవ్యాధి కిందికి రాదు. పల్చగా, బూడిద రంగులో, కలయిక తరవాత చేపల వాసన వేస్తే యోనిలోని మేలు చేసే బాక్టీరియా తగ్గి వేరేవి పెరిగాయన్నమాట, దురద పెద్దగా ఉండదు. పసుపుపచ్చ, ఆకుపచ్చ కలిసి నురుగుగా, దుర్వాసనతో, మంటతో అయితే ట్రైకోమోనాస్, ఇదే అసలు సుఖవ్యాధి. మగవాళ్లలో చాలామందికి ఏమీ కనపడదు, కాబట్టి మీ ఆయనకూ మందు ఇవ్వకపోతే మీకు మళ్లీ వస్తుంది. స్త్రీలకు మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు రెండు పూటలా ఏడు రోజులు, పురుషులకు రెండు గ్రాములు ఒకేసారి.

రంగు చూసి మీరే తీర్పు చెప్పుకోకండి, ఇవి కలిసి కూడా ఉంటాయి. లోపల సబ్బుతోనో డెట్టాల్‌తోనో కడగడం వల్ల మంచి బాక్టీరియా కూడా పోయి సమస్య పెరుగుతుంది. కలయిక తరవాత రక్తం కనపడినా, పొత్తికడుపు నొప్పితో జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: పెళ్లయి ఎనిమిదేళ్లయింది. ఈ మధ్య నాకు జననాంగం దగ్గర నీటి పొక్కులొస్తే డాక్టరు హెర్పిస్ అన్నారు. మా ఆయన నన్ను అనుమానిస్తున్నారు. నేను ఏ తప్పూ చేయలేదు.

జవాబు: ఈ ఒక్క విషయాన్ని మీ ఆయనకు చదివి వినిపించండి. హెర్పిస్ వైరస్ నరాల ముడుల్లో ఏళ్ల తరబడి నిద్రపోయి ఉండగలదు. పొక్కులు మొదటిసారి కనపడినంత మాత్రాన నిన్ననే సోకిందని చెప్పలేం. ఇది పెళ్లికి ముందు మీలో ఎవరికైనా సోకి ఉండొచ్చు, ఆయనకే పైకి కనపడకుండా ఉండి మీకు వచ్చి ఉండొచ్చు. పెదవి మీద జ్వరపు పొక్కులున్న మనిషి నోటి ద్వారా కూడా అక్కడికి వస్తుంది. ఇందులో ఎవరు దోషి అని తేల్చే మార్గం లేదు, వెతకడమూ దండగ.

పొక్కులు గుంపుగా వచ్చి, చితికి, నొప్పి పెట్టే పుళ్లవుతాయి. మళ్లీ వచ్చేముందు అదే చోట చురచుర, జివ్వుమనడం ఉంటుంది. ఆ క్షణంలోనే మందు మొదలుపెడితే బాగా పని చేస్తుంది. మొదటిసారికి ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 7 నుంచి 10 రోజులు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం రాయకండి. గర్భం చివరి నెలల్లో కొత్తగా సోకితే కాన్పు సమయంలో బిడ్డకు ప్రమాదం, ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

ప్రశ్న: అంగం తల చుట్టూ వరసగా సన్నటి తెల్ల గింజలున్నాయి. పులిపిర్లా?

జవాబు: ఒకే సైజులో, దండ కట్టినట్టు ఒకటి రెండు వరసల్లో, ఏళ్ల తరబడి పెరగకుండా ఉంటే అవి మామూలు చర్మ నిర్మాణంలో భాగమే, అంటవు, మందు వద్దు. పులిపిర్లు హెచ్‌పీవీ అనే వైరస్‌లో 6, 11 రకాల వల్ల వస్తాయి, సైజులు వేరువేరుగా, కాలీఫ్లవర్ పూత లాగా గరుకుగా, ఎక్కడ పడితే అక్కడ పెరుగుతాయి. కాలి పులిపిర్లకు రాసే మందు ఇక్కడ రాస్తే చర్మం కాలిపోతుంది.

ప్రశ్న: పది రోజుల క్రితం ఒకసారి రక్షణ లేకుండా కలిశాను. నిన్న అన్ని పరీక్షలూ చేయిస్తే నెగెటివ్ వచ్చాయి. ఇక నిశ్చింతేనా?

జవాబు: ఇంకా కాదు, చాలా తొందరపడి చేయించారు. 72 గంటల్లోపు వచ్చి ఉంటే హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజుల మందులు ఇచ్చేవాళ్లు, ఆ గడువు దాటింది. ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది: హెపటైటిస్ బీ టీకా వేసుకుని ఉండకపోతే 14 రోజుల్లోపు మొదటి డోసు వేయించుకున్నా పనికొస్తుంది.

గనేరియా, క్లమీడియాలకు రెండు వారాలు నిండాక న్యాట్ పరీక్ష. హెచ్‌ఐవీకి నరం నుంచి రక్తం తీసి చేసే నాలుగో తరం పరీక్ష 45 రోజులకు, వేలి చుక్కతో చేసే ర్యాపిడ్ పరీక్ష అయితే 90 రోజులకు. సిఫిలిస్‌కు ఆరు వారాలకు ఒకసారి, 90 రోజులకు ఇంకోసారి. అప్పటిదాకా కండోమ్ వాడండి, దానికి నూనె, వాజలీన్ రాయకండి, లేటెక్స్ చిరుగుతుంది. రక్తదానం చేయకండి.