శ్రీశైలం జలాశయంలో మొదటిసారి పడవ నడిపేవాళ్లు ఏం చూసుకోవాలి?

ముందు ఆ రోజు నీటిమట్టం కనుక్కోండి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. అది తగ్గేకొద్దీ మునిగినవన్నీ పైకొస్తాయి. సంగమేశ్వరాలయం వేసవిలో బయటపడేది అందుకే. అసలు ప్రమాదం పైకి తేలినవాటితో కాదు, జానెడు నీళ్ల కింద దాగిన బండలు, మోడులు, పాత గోడలతో. పోయిన నెల నిక్షేపంగా తిరిగిన దారిలోనే ఈ నెల పడవ అడుగు చీలిపోవచ్చు. కాబట్టి అక్కడి జాలరిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. నా దృష్టిలో ఏ మ్యాపూ ఆయనకు సాటిరాదు. ఒడ్డు దగ్గర, నీటి రంగు మారినచోట వేగం బాగా తగ్గించండి. వలల బెండ్లు కనిపిస్తే దూరంగా చుట్టి వెళ్లండి, తాడు ఇంజిన్ ఫ్యాన్‌కు చుట్టుకుంటుంది. పడవ ఎక్కేముందే అందరూ లైఫ్ జాకెట్ కట్టుకోవాలి, ఈత వచ్చినవాళ్లు కూడా. గాలి లేస్తే దగ్గరి ఒడ్డుకు చేరండి. గేట్లు ఎత్తిన రోజుల్లో డ్యామ్ వైపు అసలు వెళ్లొద్దు.