అర్ధరాత్రి పీసీని లేపుతున్నదెవరు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగింటిది ఒకటే గోల. టీవీకి తగిలించిన పీసీ సరిగ్గా పడుకోదు, పడుకుంటే సరిగ్గా లేవదు. అందుకే మిగతావి పక్కన పెట్టి ఈ నాలుగే తీసుకున్నాను.

*ఐదేళ్ల నాటి డెస్క్‌టాప్‌ను హాల్లో టీవీకి కలిపి సినిమాలకు వాడుతున్నాం. విండోస్ 11, అందులో సినిమాలు ఆడించే కోడి (Kodi) అనే ప్రోగ్రాం. రాత్రి పదకొండింటికి స్లీప్‌లో పెడితే రాత్రి రెండింటికి దానంతటదే ఆన్ అవుతోంది. ఫ్యాన్ల చప్పుడుకు హాల్లో పడుకునే మా అమ్మ ఉలిక్కిపడి లేస్తోంది. రిపేరు అబ్బాయి విండోస్ మళ్లీ ఎక్కించి 800 తీసుకున్నాడు. ఏమీ మారలేదు.* – పాఠకుడు, హనుమకొండ

విండోస్ మళ్లీ ఎక్కిస్తే పోయేది కాదండీ ఇది. కొత్త విండోస్ కూడా అవే అలవాట్లతో దిగుతుంది. స్లీప్‌లో ఉన్న పీసీ ఊరికే లేవదు, ఎవరో ఒకరు లేపుతారు. చాలాసార్లు ఆ లేపినవాళ్ల పేరు రాసిపెట్టుకుంటుంది కూడా. ముందు ఆ పేరు అడగండి. సెట్టింగుల జోలికి తర్వాత పోదాం.

పొద్దున లేవగానే, పీసీని మళ్లీ స్లీప్‌లో పెట్టకముందే, కమాండ్ ప్రాంప్ట్‌ను రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. పవర్‌సీఎఫ్‌జీ /లాస్ట్‌వేక్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. పవర్ పక్కనే సీ, ఎఫ్, జీ అక్షరాలు కలిపి రాయాలి. తర్వాత ఒక ఖాళీ, ఒక స్లాష్, లాస్ట్ వేక్ రెండూ కలిపి. జవాబులో నెట్‌వర్క్ కార్డు పేరో, మౌస్ పేరో, వేక్ టైమర్ (ఫలానా టైముకు లేపమని పెట్టిన అలారం) అనో కనిపిస్తుంది.

అక్కడ ఏమీ దొరక్కపోతే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్‌కు వెళ్లి, పవర్ ట్రబుల్‌షూటర్ పేరుతో ఉన్న ఎంట్రీని చూడండి. ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఎవరు లేపారు అన్నీ ఉంటాయి. ఇక్కడే చాలామంది తికమక పడతారు. అందులో కనిపించే టైము మనది కాదు, యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. మీ హాల్లో రాత్రి రెండైతే అందులో ముందు రోజు 20:30 అని ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలుపుకోండి, లేకపోతే "ఆ టైముకు మేం సీరియల్ చూస్తున్నాం కదా" అని ఆ ఎంట్రీని వదిలేస్తారు.

మీరు రాత్రి రెండింటికి అన్నారు కాబట్టి నా అనుమానం ఒకరి మీదే. విండోస్ ఆటోమేటిక్ మెయింటెనెన్స్‌కు మొదటి నుంచీ పెట్టి వచ్చే టైము సరిగ్గా రాత్రి 2. కంట్రోల్ ప్యానెల్‌లో ఆ పేరుతో వెతికి, పీసీని నిద్ర లేపడానికి అనుమతి ఇచ్చే టిక్ తీసేయండి. దాంతోపాటు పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగులు తెరిచి, స్లీప్ కింద అలౌ వేక్ టైమర్స్‌ను డిసేబుల్ చేయండి. టీవీ ట్యూనర్ కార్డు పెట్టి టైముకు ప్రోగ్రాములు రికార్డు చేసుకునేవాళ్లు మాత్రం ఈ రెండోది ముట్టుకోవద్దు. మీ రికార్డింగుకు పీసీని లేపేది కూడా ఆ టైమరే.

పేరు నెట్‌వర్క్ కార్డుదైతే వైద్యం వేరు. ఇంట్లో రౌటర్, ఫోన్లు, టీవీ ఒకదాన్నొకటి పలకరించుకుంటూనే ఉంటాయి. కొన్ని కార్డులు ఆ పలకరింపుకే లేచి కూర్చుంటాయి. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కు వెళ్లి, మ్యాజిక్ ప్యాకెట్‌కు మాత్రమే లేవాలి అనే గడిలో టిక్ పెట్టండి. మ్యాజిక్ ప్యాకెట్ అంటే ఆరు బైట్లు ఎఫ్ఎఫ్, ఆ వెనక మీ కార్డు మ్యాక్ అడ్రస్ (ఆ కార్డుకు మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) పదహారు సార్లు. దారిన పోయే సందేశం పొరపాటున కూడా అలా ఉండదు. ఫోన్ నుంచి పీసీని లేపే సదుపాయం మీకు మిగులుతుంది, అమ్మ నిద్ర అమ్మకు మిగులుతుంది.

మా ఇంట్లో దొంగ వీళ్లిద్దరూ కాదు. టీవీ కింద గాజు పలక మీద పెట్టిన వైర్‌లెస్ మౌస్. వీధిలో ఇసుక లారీ వెళ్తే పలక అదిరేది, మౌస్ కదిలేది, పీసీ లేచేది. రెండు నెలలు బయోస్‌లు (విండోస్ కంటే ముందు తెరుచుకునే పీసీ సెట్టింగులు) తిరగేశాక లాస్ట్‌వేక్ కొట్టాను. ముందే కొట్టి ఉండాల్సింది. డివైస్ మేనేజర్‌లోనే మౌస్‌కు ఉన్న లేపే టిక్ తీసేశాను, కీబోర్డుకు ఉంచాను. లేపే హక్కు మీ పీసీలో ఎవరెవరికి ఉందో ఒకేసారి చూడాలంటే పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, /డివైస్‌క్వెరీ, ఖాళీ, వేక్ అండర్‌స్కోర్ ఆర్మ్‌డ్.

*నాది తిరగేసిన సమస్య. సినిమా అయిపోయాక అరగంటకు స్లీప్‌లోకి వెళ్లాలని పెట్టాను. తెల్లారి చూస్తే అలాగే వెలుగుతూ ఉంటుంది.* – పాఠకురాలు, విజయవాడ

పడుకోనివ్వనివాళ్ల పేర్లకూ ఓ కమాండ్ ఉందమ్మా, పవర్‌సీఎఫ్‌జీ /రిక్వెస్ట్స్. ఇది మాత్రం పీసీ మెలకువగా ఉండగానే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన ప్రాంప్ట్‌లో కొట్టాలి. ఆడియో స్ట్రీమ్ వాడుకలో ఉంది అని వస్తే, పాట ఆగినా శబ్దం దారిని ఏదో ప్రోగ్రాం పట్టుకుని ఉందన్నమాట. మరిచిపోయిన బ్రౌజర్ ట్యాబ్ అయ్యుండొచ్చు. ఎస్ఆర్‌వీ నెట్ అనే పేరు కనిపిస్తే మీ పీసీలోని ఫైలును నెట్‌వర్క్ మీద ఇంకెవరో తెరిచి ఉంచారు. పడకగది టీవీలో పిల్లలు సినిమా పాజ్ చేసి పడుకున్నారేమో చూడండి. ఆ అడ్డు పట్టించుకోవద్దని విండోస్‌కు చెప్పే కమాండూ ఉంది కానీ నేను చెప్పను. సినిమా మధ్యలో పీసీ నిద్రపోతే నన్ను తిడతారు.

*రిమోట్‌తో పీసీ లేవడం విచిత్రంగా ఉంది. మధ్యాహ్నం పడుకోబెట్టి గంటకు నొక్కితే లేస్తుంది. రాత్రి పడుకోబెట్టి పొద్దున నొక్కితే ఉలకదు పలకదు. బ్యాటరీలు మార్చాను.* – పాఠకుడు, రాజమహేంద్రవరం

మీరు గమనించిన తేడాలోనే సమాధానం ఉంది. రాత్రి మొదలుపెట్టినది స్లీపే, పొద్దునకది హైబర్నేట్ అయి ఉంటుంది. స్లీప్‌లో ర్యామ్‌కు కరెంటు అందుతుంది, యూఎస్‌బీలో ఉన్న రిమోట్ రిసీవర్‌కూ అందుతుంది. హైబర్నేట్ అయితే ర్యామ్‌లోదంతా డిస్కులోకి దించి పీసీ దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. రిసీవర్‌కు కరెంటు లేనప్పుడు కొత్త బ్యాటరీ ఏం చేస్తుంది? అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగుల్లో స్లీప్ కింద హైబర్నేట్ ఆఫ్టర్ చూడండి. అక్కడ 180 నిమిషాలని ఉంటే నెవర్ చేయండి.

అక్కడే హైబ్రిడ్ స్లీప్ కనిపిస్తే ఆన్‌లోనే ఉంచండి. పడుకునేటప్పుడు ర్యామ్‌లోదాన్ని డిస్కులో కూడా రాసిపెడుతుంది. అర్ధరాత్రి కరెంటు పోయినా తెరిచి ఉంచినవి పోవు. యూపీఎస్ లేని ఇళ్లకు ఇది అవసరం.

అప్పటికీ లేవకపోతే బయోస్‌లో ఈఆర్‌పీ అనే అంశం వెతకండి. వాడకంలో లేని పరికరాలు సగం వాటుకు మించి తినకూడదని ఐరోపాలో 2013 నుంచి నిబంధన ఉంది, దానికోసం పెట్టింది ఇది. ఆన్‌లో ఉంటే పీసీ ఆగినప్పుడు యూఎస్‌బీకి కరెంటు కోసేస్తుంది. ఆఫ్ చేయండి. రిసీవర్‌ను ముందున్న పోర్టు నుంచి తీసి వెనక, మదర్‌బోర్డు మీదున్న పోర్టుకు పెట్టి చూడండి. కరెంటు బిల్లులో తేడా కంటికి ఆనదు.

*స్లీప్ నుంచి లేస్తే బొమ్మ వస్తుంది, ఏవీ రిసీవర్ (స్పీకర్లకు శబ్దం పంపే పెట్టె) నుంచి శబ్దం రాదు. రీస్టార్ట్ చేస్తే వస్తుంది.* – పాఠకుడు, డాలస్

మీరు ముందు ఏది ఆన్ చేస్తున్నారు? పీసీనే అనుకుంటాను. లేవగానే అది హెచ్‌డీఎంఐ తీగ అవతలున్నవాళ్లను "మీరెవరు, ఏయే శబ్దాలు పలుకుతారు" అని అడుగుతుంది. రిసీవర్ ఇంకా లేవకపోతే జవాబు రాదు, శబ్దానికి ఆ దారి లేదని పీసీ తేల్చేసుకుంటుంది. టీవీ, రిసీవర్ రెండూ వెలిగి నిలదొక్కుకున్నాకే పీసీని లేపండి. మరిచిపోయి ముందే లేపిన రోజు రీస్టార్ట్ అక్కర్లేదు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలు పట్టుకుని బీ నొక్కండి. తెర ఒక్క క్షణం నల్లబడి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తరచు దాంతోనే శబ్దం తిరిగొస్తుంది. రాకపోతే కోడిని మూసి తెరవండి, అది శబ్దం దారిని మళ్లీ వెతుక్కుంటుంది.