‘అండీ’ని ఇంగ్లీషులోకి తేవడమెలా?

ప్రశ్న: నేను ఒక సంస్థలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. మరో శాఖలోని పై అధికారికి ‘యూ మస్ట్ సెండ్ ద బిల్స్ బై ఫ్రైడే, ప్లీజ్’ అని మెయిల్ పంపితే, ‘ఇది నాకు ఆజ్ఞా?’ అని జవాబు వచ్చింది. ప్లీజ్ రాశాను కదా, ఇందులో అమర్యాద ఏముంది? కుడ్, వుడ్ వాడమని తోటివారు అంటున్నారు. అవి భూతకాలపు మాటలు కదా, రేపు జరగాల్సిన పనికి ఎలా వాడతారు?

జవాబు: మీ మనసులో మర్యాద ఉంది. అది మీ వాక్యంలోకి రాలేదు, అంతే. ఇదే విషయాన్ని మీరు తెలుగులో చెప్పి ఉంటే ‘శుక్రవారంలోగా బిల్లులు పంపాలండి’ అనేవారు. ‘పంపాలి’లోని గట్టిదనాన్ని చివరనున్న ‘అండి’ మెత్తబరుస్తుంది కాబట్టి వినేవారు నొచ్చుకోరు. ఇంగ్లీషులో ‘అండి’ లేదు, ‘నువ్వు’, ‘మీరు’ అన్న తేడా కూడా లేదు. మనం క్రియ చివర ఉంచే గౌరవంలో చాలా భాగాన్ని ఇంగ్లీషువారు క్రియకు ముందు వచ్చే కెన్, కుడ్, విల్, వుడ్ వంటి మోడల్ వెర్బులకు అప్పగించారు. నిఘంటువు ప్రకారం ‘పంపాలి’కి మస్ట్ సరైన మాటే అయినా, దాని వెంట ‘అండి’ రాదు. చివర తగిలించిన ప్లీజ్ ఆ లోటును పూడ్చదు సరికదా, ఒక్కోసారి విసుగులా కూడా వినిపిస్తుంది.

ఇక భూతకాలం సంగతి. ఎవరి గదిలోకైనా వెళ్లి ‘మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నానండి’ అంటాం. అడగాలన్న కోరిక అప్పటికి తీరిపోలేదు, ఇంకా అడగనే లేదు, అయినా ‘అనుకున్నాను’ అంటాం. కోరికను కాస్త వెనక్కి జరిపి చెబితే అవతలివారికి కాదనే చోటు దొరుకుతుంది. కుడ్, వుడ్ చేసేదీ అదే. ‘కెన్ యూ సెండ్’ సాటివారి మధ్య చెల్లుతుంది. పరిచయం లేనివారికి, పైవారికి, లేదా అడిగే పని పెద్దదైనప్పుడు ‘కుడ్ యూ సెండ్’ మంచిది. మీ మెయిల్‌ను ‘కుడ్ యూ ప్లీజ్ సెండ్ ద బిల్స్ బై ఫ్రైడే? వుయ్ హ్యావ్ టు క్లోజ్ ది అకౌంట్స్ ఆన్ మండే’ అని రాసి చూడండి. గడువు మారలేదు, దానికి కారణం మాత్రం తోడైంది. ‘హ్యావ్ టు’ అన్న బలవంతం ఇప్పుడు ఆయన మీద కాక మీ మీద ఉంది.

తెలుగు ఉత్తరాలు రాసి అలవాటైనవారికి ఇక్కడ మరో చిక్కు ఉంది. ‘వివరాలు పంపగలరు’ అని రాస్తే మన దృష్టిలో అది వినయంతో కూడిన విన్నపం. దానినే ‘యూ కెన్ సెండ్ ద డీటెయిల్స్’ అని మార్చితే, ‘పంపుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు’ అని అనుమతి ఇచ్చినట్టవుతుంది. పై అధికారికి కిందివారు అనుమతి ఇవ్వడం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఇలాగే ‘మే యూ ప్లీజ్ సెండ్’ అని రాసేవారూ ఉన్నారు. మే అనేది మన పనికి మనం అనుమతి అడగడానికి, అంటే ‘మే ఐ’ అనడానికి. ఎదుటివారిని పని అడిగేటప్పుడు అది నప్పదు.

కుడ్, వుడ్ మర్యాదగా ఉంటాయని తెలిశాక వాటిని ప్రతి వాక్యంలోనూ చల్లడం మొదలవుతుంది. ‘ఐ వుడ్ బీ ఆన్ లీవ్ టుమారో’ అని రాస్తే, చదివేవారు ‘ఏం జరిగితే?’ అని షరతు కోసం వెతుక్కుంటారు. సెలవు ఖాయమైతే ‘ఐ విల్ బీ’ అనే రాయాలి. విన్నపానికి ఎడం కావాలి గాని సమాచారానికి అక్కరలేదు. నా మట్టుకు, మస్ట్ కన్నా ఈ అతివినయమే పనికి ఎక్కువ అడ్డు.

అలాగని మస్ట్‌ను వెలివేయకండి. నియమాలు రాసేటప్పుడు దాని గట్టిదనమే కావాలి. ఇంటర్నెట్ ప్రమాణాల రచయితల కోసం 1997లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం మస్ట్, షుడ్, మే అన్న మాటలకు కచ్చితమైన అర్థాలు నిర్ణయించింది. అక్కడ మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే తగిన కారణం ఉంటే, పర్యవసానాలు ఆలోచించుకుని, పక్కనపెట్టవచ్చు. మే అంటే చేసేవారి ఇష్టం. మనుషులకు రాసే మెయిల్లో షుడ్ అంత సౌమ్యంగా వినిపించదు. ముఖ్యంగా ‘యూ షుడ్ హ్యావ్ టోల్డ్ మీ’ అంటే నిష్ఠూరమే.

ప్రశ్న: ‘వుడ్ యూ మైండ్ చెకింగ్ దిస్?’ అని మా మేనేజర్ అడిగితే ‘యెస్, సర్’ అన్నాను. ఆయన నవ్వారు. ఎందుకు?

జవాబు: ఆయన అడిగింది ‘చూడటానికి మీకేమైనా అభ్యంతరమా?’ అని. మీరు ‘అవునండి, అభ్యంతరమే’ అన్నారు. నిజానికి ఈ ప్రశ్నకు నాట్ ఎట్ ఆల్ అనాలి. ఆ క్షణంలో తికమకగా అనిపిస్తే యెస్, నో రెండూ వదిలేసి ‘షూర్, ఐ విల్ చెక్ ఇట్ నౌ’ అనండి. నవ్వారంటే మీ ఉద్దేశం ఆయనకు అర్థమైనట్టే.