టెక్ సందేహాలు: ఎవరూ వాడని ఇంటర్‌ఫేస్‌ను తీసేయొచ్చా?

ప్రశ్న: మేం ముగ్గురం తీరిక వేళల్లో ఒక ఓపెన్ సోర్స్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను నడుపుతున్నాం. బయటి ప్రోగ్రామ్‌లు దానితో మాట్లాడేందుకు మొదట్లో రాసిన ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ ఇంటర్‌ఫేస్ అందులో ఇంకా ఉంది. తర్వాత అదే పనికి కొత్త పద్ధతిలో రెస్ట్ ఏపీఐ పెట్టాం. పాతదాని మీద చాలాకాలంగా ఒక్క బగ్ రిపోర్టూ రాలేదు. దాన్ని రాసినాయన ఇప్పుడు ప్రాజెక్టులో లేరు. వచ్చే వెర్షన్‌లో తీసేద్దామని నేనంటుంటే, ఉంటే నష్టమేంటని మిగతా ఇద్దరూ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తీసేయండి. వచ్చే వెర్షన్‌లో మాత్రం వద్దు.

బగ్ రిపోర్టు రాలేదంటే వాడేవాళ్లు లేరని కాదు, అది చక్కగా పనిచేస్తోందని కూడా కావచ్చు. ఎవరో ఎప్పుడో ఒక స్క్రిప్టు రాసి, రాత్రిపూట క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులను దానంతటదే నడిపే సదుపాయం) నడిచేలా పెట్టి, ఉద్యోగం మారి వెళ్లిపోయి ఉంటారు. అది నడుస్తున్నంతకాలం దాని ఊసు ఎవరికీ పట్టదు. అందులోనూ మీది బ్యాకప్ సాఫ్ట్‌వేర్. బ్యాకప్ ఆగిపోయిన సంగతి చాలామందికి ఫైళ్లు పోయిన రోజునే తెలుస్తుంది. మౌనం అర్ధాంగీకారమన్న మాట ఇక్కడ చెల్లదు. డౌన్‌లోడ్ లెక్కలనూ నమ్ముకోకండి, ఎవరు ఏ ఇంటర్‌ఫేస్ వాడుతున్నారో అవి చెప్పవు.

ఇక మీ మిత్రుల ప్రశ్న, ఉంటే నష్టమేంటని. నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపేందుకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బీట్ అనే చిన్న సదుపాయం 2012లో 1.0.1 వెర్షన్‌తో వచ్చింది. కనెక్షన్ బతికే ఉందా అని అవతలి కంప్యూటర్‌ను పలకరించడం దాని పని. అవసరమైనవాళ్లు తక్కువే అయినా, డీఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉండేది. ‘ఇంత పొడవు సందేశం పంపాను, తిరిగి పంపు’ అని అవతలివాళ్లు అబద్ధమాడినా, ఆ పొడవు నిజమో కాదో చూసుకోకుండా ఒక్కోసారికి 64 కిలోబైట్ల దాకా మెమరీలో ఉన్నదంతా పంపేసేది. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే లోపం అదే. హార్ట్‌బీట్ పేరే వినని వాళ్లూ పాస్‌వర్డ్‌లు మార్చుకోవాల్సి వచ్చింది. చివరికి 2018లో వచ్చిన 1.1.1లో ఆ సదుపాయాన్నే ఎత్తేశారు.

మీ పాత ఇంటర్‌ఫేస్ కూడా నెట్‌వర్క్ నుంచి వచ్చినదాన్ని చదువుతుంది. ఆ కోడ్ తెలిసిన మనిషి మీలో లేరు. నా దృష్టిలో విషయం అక్కడే తేలిపోయింది. అదే ఏ కమాండ్‌కో ఉన్న పాత ఆప్షన్ పేరు లాంటిదైతే, పడి ఉండనివ్వండి అనేవాణ్ని.

తీసేముందు పాత ఇంటర్‌ఫేస్‌లోని మెథడ్‌లన్నీ (దాన్ని అడిగి చేయించుకోగల పనులు) ఒక పక్క రాసుకుని, ప్రతిదానికీ రెస్ట్‌లో బదులు ఉందో లేదో చూడండి. ఒక్కటి లేకపోయినా, ఆ ఒక్కదాని కోసమే కొందరు పాతదాన్ని పట్టుకుని ఉండొచ్చు.

తర్వాత హెచ్చరిక. లినక్స్ కెర్నెల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) సిస్‌కంట్రోల్ అనే పాత సిస్టమ్ కాల్‌ను, అంటే ప్రోగ్రామ్‌లు కెర్నెల్‌ను పని అడిగే దారిని, ఎవరైనా వాడితే, 2008లో వచ్చిన 2.6.24 నుంచి లాగ్‌లో (జరిగినవి నమోదయ్యే చిట్టా) హెచ్చరిక రాసేవారు. తీసేసింది 2020లో, 5.5 వెర్షన్‌లో. మీకు అంత ఓపిక అక్కర్లేదు, ఏడాది చాలు. అయితే ‘ఇది పాతబడింది’ అని మాత్రం రాసి ఊరుకుంటే ఎవరూ కదలరు. మీరు తీసేయబోయే వెర్షన్ 5.0 అనుకుంటే, ఇలా రాయండి: ‘192.168.1.20 నుంచి స్టార్ట్‌జాబ్ కాల్ వచ్చింది. ఈ ఇంటర్‌ఫేస్ 5.0లో ఉండదు. బదులుగా రెస్ట్‌లోని జాబ్స్ వాడండి.’ ఆ చిరునామా ఉంటేనే అడ్మిన్ ఆ మరుగునపడ్డ స్క్రిప్టును వెతికి పట్టుకోగలరు. ఒక్కో చిరునామాకు రోజుకు ఒక్కసారే రాయించండి, లేకపోతే లాగ్ నిండిపోయి అసలు హెచ్చరికలనే ఆపేస్తారు.

ఆ తర్వాతి వెర్షన్‌లో దాన్ని ఆఫ్‌లో పెట్టి, కావాల్సినవాళ్లు కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైనుతో ఆన్ చేసుకునేలా చేయండి. ఆఫ్‌లో ఉన్నప్పుడు కాల్ వస్తే ఖాళీ జవాబు పంపొద్దు, స్పష్టంగా ఎర్రర్ ఇవ్వండి. ఎవరు గోల పెడతారో ఈ దశలో తెలుస్తుంది. గోల పెట్టినవాళ్లను ‘మీరు నిర్వహిస్తారా?’ అని మర్యాదగా అడగండి. సరేనంటే ఆ కోడ్‌ను ప్లగిన్‌గా విడదీసి వాళ్లకు అప్పగించండి. లేదంటే 5.0లో తీసేయండి.

ప్రశ్న: నేను రోజూ వాడే ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌లో నాకు కావాల్సిన ఆప్షన్ మాయమైంది. పాత వెర్షన్‌లోనే ఉండిపోవచ్చా?

జవాబు: నెట్‌తో పనిలేని ప్రోగ్రామ్ అయితే కొంతకాలం ఫర్వాలేదు. అయినా బయటి ఫైళ్లు తెరిచేటప్పుడు జాగ్రత్త. నెట్‌కు కనెక్ట్ అయ్యేదైతే వద్దు, పాత వెర్షన్‌కు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోతాయి. ఈలోగా ఆ ప్రాజెక్టువాళ్లకు రాయండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. ‘మళ్లీ పెట్టండి’ అని మాత్రం కాకుండా, ఆ ఆప్షన్‌తో మీరు ఏ పని చేసుకుంటున్నారో దశలవారీగా చెప్పండి. అదే పనికి వేరే దారి ఉంటే వాళ్లే చూపిస్తారు.