తుపాకీ లైసెన్స్ తిరస్కరించారు, ఇప్పుడేం చేయాలి?

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల కాపలా కోసం అప్లై చేస్తే రాలేదన్నారు కదండీ, దారి మూసుకుపోలేదు. ముందు కారణం రాతపూర్వకంగా అడగండి. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 14 ప్రకారం కారణాలు రాసిపెట్టాలి, అడిగితే క్లుప్తంగానైనా ఇవ్వాలి, ప్రజా ప్రయోజనానికి భంగమని అధికారి భావిస్తే తప్ప. పెద్దగా ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనడానికి కూడా ఆ సెక్షన్ ఒప్పుకోదు, ఇది చాలామందికి తెలియదు.

తర్వాత సెక్షన్ 18 కింద అప్పీలు. దానికి గడువుంటుంది, ఆర్డర్ అందగానే లాయరుని కలవండి. ఆలస్యమైతే సరైన కారణం చూపించాలి. అక్కడా కుదరకపోతే హైకోర్టులో రిట్, అంటే అధికారి ఆర్డర్‌ని సవాలు చేసే పిటిషన్.

అసలు చిక్కు మీ దరఖాస్తు మీద పోలీసులిచ్చే రిపోర్టులోనే ఉంటుందని నా అభిప్రాయం. గట్టు తగాదాలో పాత కేసుంటే, కోర్టు దాన్ని కొట్టేసినట్టు చూపే కాగితం జతచేయండి, చెరువు దగ్గర దొంగతనాలు జరిగితే ఎఫ్ఐఆర్ కాపీలు పెట్టండి, ఉత్త భయం అంటే ఎవరూ వినరు.

ఈలోగా ఎవరో నాటు తుపాకీ ఇప్పిస్తామంటే వద్దండి బాబూ, లైసెన్స్ లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు. అప్పటిదాకా సీసీ కెమెరా, కాపలా మనిషి.