ఆత్మవిశ్వాసం: ఎవరియందు?

సందేహం: మా అమ్మాయి నర్సింగు పరీక్షలకు భయపడి రెండు రోజులు సరిగా అన్నం ముట్టలేదు. ఇంట్లో పెట్టుకున్న ప్రార్థన కూటంలో "ప్రభువా, ఈ బిడ్డకు ఆత్మవిశ్వాసం దయచేయండి" అని ప్రార్థించాను. విశ్వాసి దేవుణ్ణి నమ్ముకోవాలిగాని తనను తాను నమ్ముకోకూడదని, ఆ మాట ప్రార్థనలో తప్పని సంఘపెద్ద ఒకరు అభ్యంతరం చెప్పారు. భాష ప్రకారం కూడా తప్పేనా?
– ఒక పాఠకుడు, నరసాపురం

సమాధానం: పెద్దాయన అభ్యంతరం వేదాంతానికి సంబంధించినది, నాకున్న చనువు మాటవరకే. అయితే ఈ మాటను విప్పి చూస్తే ఆ రెండూ ఒకే గుమ్మంలో ఎదురుపడుతున్నాయి.

'విశ్వాసము'లో ఉన్నది శ్వస్ ధాతువు. ఊపిరి తీయడం దాని అర్థం. దానికి 'వి' చేరితే ఊపిరి తెరపిగా ఆడడం, అంటే బెదురు లేకుండా ఉండడం అని సంస్కృత నిఘంటువులు చెబుతాయి. నమ్మడమనే అర్థం అందులోంచి పుట్టింది. భయం ముందుగా పట్టుకొనేది ఊపిరినే గనుక, భయానికి విరుగుడైన మాట ఊపిరిలోంచే రావడంలో వింత లేదు. దీని తోబుట్టువు 'ఆశ్వాసము'. మీ గోదావరి ఒడ్డునే, రాజమహేంద్రవరంలో, నన్నయ భారతాన్ని ఆశ్వాసాలుగా నడిపాడంటే, అంత పెద్ద కథలో వినేవాడికి ఊపిరి తీసుకొనే తావులు చూపించాడన్నమాట. ఆశ్వాసాన్ని 'చాప్టర్' అని సరిపెట్టే నేటి పాఠకుడికి ఆ తెరపి ఎక్కడ దొరుకుతుంది? హీబ్రూలో 'రూఆఖ్', గ్రీకులో 'న్యూమా' అనే మాటలకు కూడా గాలి, ఊపిరి, ఆత్మ అనే మూడర్థాలూ ఉన్నాయి. యోహాను సువార్త 20వ అధ్యాయంలో శిష్యులు భయపడి తలుపులు మూసుకొని ఉన్న ఇంట్లోకి యేసు వచ్చి, వారిమీద ఊది, "పరిశుద్ధాత్మను పొందుడి" అన్న ఘట్టాన్ని ఈ ధాతువును మనసులో పెట్టుకొని ఒకసారి చదివి చూడండి. కుక్కకున్న విశ్వాసం, తిన్న ఇంటి విశ్వాసం అనే చోట్ల ఉన్నది కృతజ్ఞత. మీ వైపు 'విశ్వాసులు' అంటే సంఘస్తులు. వాటి జోలికి ఇప్పుడు పోను.

'నమ్ముకొను' మాత్రం ఒక మాట చెప్పించుకొంటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడినప్పుడు మా వీధి చివరి పెద్దావిడ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. బయట కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే విరిగి పడుతున్నాయి. "నావల్లేమవుద్ది బాబూ, ఆయన్నే నమ్ముకున్నాను" అంది, గాలి ఇంకా తగ్గకముందే. నమ్మానని అనలేదు, నమ్ముకున్నానంది. 'కొను' చేరేసరికి మనసులో ఉన్న అభిప్రాయం బతుక్కి ఆధారమైపోతుంది. చేలను నమ్ముకున్నాం, ఏటిని నమ్ముకున్నాం అన్నప్పుడు ఉన్న బరువే ఇక్కడా ఉంది. (తలుపుకు ఆనించిన వీపును ఆవిడ తెల్లవారేదాకా తీయలేదు; నమ్ముకోవడానికి అది అడ్డమని ఆవిడకు తోచలేదు.)

ఇక మీ సమాసం. 'సెల్ఫ్ కాన్ఫిడెన్స్' అనే ఇంగ్లీషు మాటకు దీటుగా వాడుకలో బలపడిన ఈ 'ఆత్మవిశ్వాసం' ఇప్పుడు కోచింగు సెంటర్ల గోడలనిండా కనిపిస్తుంది. ధైర్యం, నిబ్బరం, గుండెదిటవు, ధీమా, తెగువ అని ఒక్కో సందర్భానికి ఒక్కో మాట ఉన్న భాషలో అన్నింటినీ ఒకే ముద్ద చేసి వడ్డించడం సోమరితనం కాక మరేమిటి?

విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసి అర్థం చెప్పే వాక్యం, 'ఆత్మయందు విశ్వాసము' అని చెప్పి, ఆత్మ అంటే తాను అనుకొంటే, పెద్దాయన మాటే నిలుస్తుంది. సామెతలు 3:5లో "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక" అనే హెచ్చరిక ఉండనే ఉంది. అక్కడ అనువాదకులు 'స్వ' వాడారుగాని 'ఆత్మ' వాడలేదని గమనించండి. అయితే 'ఆత్మవలన విశ్వాసము' అని, 'వలన' చేర్చి చెప్పే పంచమీ తత్పురుషగా విడదీస్తే ఎవరు కాదంటారు? కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12:9లో "ఆ ఆత్మవలననే విశ్వాసమును" అని అచ్చంగా ఆ విగ్రహవాక్యమే ఉంది. అలా చూస్తే మీరు అడిగినది దేవుడిచ్చే వరాన్నే. చిక్కేమిటంటే, కూటంలో కూర్చున్నవారికి సమాసం వినబడుతుందిగాని విగ్రహవాక్యం వినబడదు. అందుచేత తప్పని కొట్టివేయలేనుగాని, నేనైతే "ఈ బిడ్డకు నిబ్బరం దయచేయండి" అని ఉండేవాణ్ణి.

పెద్దాయన అప్పటికీ ఒప్పుకోకపోతే తిమోతికి రాసిన రెండవ పత్రిక 1:7 ఆయన ముందు పెట్టండి. అక్కడ "పిరికితనముగల ఆత్మ" అన్నప్పుడు ఆత్మకు ఆయన ఏ అర్థం చెబుతారో విని, నాకు మళ్ళీ రాయండి.