నెల రోజులు, నాలుగు పుస్తకాలు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. ఉద్యోగంలో చేరేలోగా దొరికిన నెల రోజులూ మా దగ్గర ఉంటానని, ఆ నెలంతా మన ఊరి గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదువుతానని నువ్వు పంపిన కబురు విని మీ అమ్మమ్మ నవ్వింది గానీ, నాకు మాత్రం చాలా సంతోషం కలిగింది. అయితే దానితోపాటు పంపిన జాబితా చూసి కొంచెం కంగారు పడ్డాను. పదిహేడు పుస్తకాలు! అందులో రెండు మూడు సంపుటాలున్నవి నాలుగున్నాయి. అమ్మా, ఆ జాబితాను మడిచి పెట్టెలో అడుగున పెట్టు. నెలకు నాలుగు పుస్తకాలు చాలు. అవి కూడా నువ్వు హైదరాబాదులో కూర్చుని ఎంచుకున్నవి కాకుండా, ఇక్కడి బీరువాల ముందు నిలబడి ఎంచుకున్నవి కావాలి. నలభై ఏళ్లకు పైగా ఈ గ్రంథాలయం గడప తొక్కుతున్నవాడిగా నాకు తెలిసిన నాలుగు మాటలు, నువ్వు బండి దిగకముందే చెప్పి ఉంచుతున్నాను.

వచ్చిన మర్నాడే సభ్యత్వం తీసుకో. ఆధార్ కార్డు నకలు, ఫోటోలు తెచ్చుకో. ఈ ఊళ్లో చిరునామా లేనిదానివి కాబట్టి ఎవరిదైనా హామీ సంతకం అడుగుతారు, అది నేను పెడతాను. కట్టిన డిపాజిట్టు, వెళ్లేటప్పుడు రసీదు చూపిస్తే తిరిగి వస్తుంది. మన శాఖా గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు వరకూ, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకూ తెరిచి ఉంటుంది. సెలవు శుక్రవారం. ఆదివారం సెలవనుకునే ఆఫీసుల అలవాటుతో లెక్క వేసుకుంటే, శుక్రవారం పొద్దున్నే వెళ్లి తాళం చూసి తిరిగి రావలసి ఉంటుంది. ఇంత వయసు వచ్చినా నేను ఏడాదికి ఒకసారైనా ఆ పని చేస్తూనే ఉన్నాను.

ఊరికే ఇస్తున్నారు గదా, అదీ ఇదీ అడిగితే బాగుండదేమోనని మొహమాటపడకు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు పడుతుంది. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసినది. నేను ఏటా కడుతున్న ఆ పైసలలో నీ పుస్తకాల ఖర్చు కూడా ఉందనుకో. పైబీరువాలో ఉన్న పుస్తకం చేతికి అందకపోతే దించి ఇమ్మని మర్యాదగా అడుగు. తాళం వేసిన బీరువా కనిపిస్తే అందులో ఏమున్నాయో అడుగు. పాత ముద్రణలు ఎక్కువగా అక్కడే ఉంటాయి, అడిగేవాళ్లు లేకనే అవి అలా ఉండిపోతాయి.

ఇక అసలు సంగతి. కొన్న పుస్తకానికీ తెచ్చుకున్న పుస్తకానికీ ఉన్న తేడా డబ్బు ఒక్కటే కాదు. కొన్న పుస్తకం ఎప్పటికైనా చదువుకోవచ్చులే అనిపిస్తుంది, ఆ ఎప్పటికైనా అన్నది ఎప్పటికీ రాదు. మా హాలులోని గాజు బీరువాలో అలాంటివి అరవైకి తక్కువ లేవు. తెచ్చుకున్న పుస్తకానికి మాత్రం వెనక అట్ట లోపల ఒక చీటీ అంటించి, దాని మీద గడువు తేదీ ముద్ర వేసి ఇస్తారు. మన దగ్గర అది పదిహేను రోజులు. ఈ గడువును శిక్షగా చూసేవాళ్లు ఉన్నారు గానీ, నా మటుకు నేను పూర్తిగా చదివిన పుస్తకాలలో ముప్పాతిక వంతు ఆ ముద్ర పుణ్యమే. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఒడ్డున ఉన్న పల్లెలకు అందించిన సంగతి మా నాన్నగారు ఎప్పుడూ చెబుతుండేవారు. పడవ మళ్లీ వచ్చేసరికి పుస్తకం చదివి సిద్ధంగా ఉంచాలి, లేకపోతే ఆ పల్లెలో పుస్తకం, పడవలో ఖాళీ. ఆ పద్ధతిలోనే నీ నెలను రెండు పడవలుగా అనుకో. మొదటి పదిహేను రోజులకు రెండు, తరువాతి పదిహేను రోజులకు రెండు. కార్డు మీద అంతకంటే ఎక్కువ ఇస్తామన్నా తీసుకోకు. మంచం పక్కన నాలుగు పుస్తకాలు పేర్చి ఉంటే చదువుతున్న పుస్తకం మీద కంటే చదవవలసిన వాటి మీదే చూపు పోతుంది.

మొదటి రోజు ఏ పుస్తకమూ ఇంటికి తేవద్దు. ఒక పూట అంతా బీరువాల మధ్య తిరుగు. వెన్ను మీద అంటించిన అంకెలు చూస్తే దారి తెలుస్తుంది. 894.827 అని ఉన్నది తెలుగు సాహిత్యం, 900లలో ఉన్నవి చరిత్ర, భూగోళం, జీవిత చరిత్రలు. అంకె ప్రకారం పుస్తకం ఉండవలసిన చోటే ఉంటుందన్న హామీ లేదు, ఎందుకంటే చదివినవాళ్లు చేతికి అందిన చోట పెట్టిపోతుంటారు. వంటల పుస్తకం పక్కన వేదాంతం ఉండడం మన ఊళ్లో మామూలే. ఒక రహస్యం చెబుతున్నాను: గ్రంథాలయాధికారి బల్ల పక్కన, తిరిగి వచ్చి ఇంకా బీరువాలకు చేరని పుస్తకాల దొంతర ఒకటి ఉంటుంది. ముందు దానిని చూడు. ఊళ్లో ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్లి చదివి తెచ్చిన పుస్తకాలవి, కాబట్టి వాటికి ఒక సిఫారసు ఉన్నట్టే.

పుస్తకం చేతిలోకి తీసుకున్నాక ముందుమాట కంటే ముందు వెనక ఉన్న తేదీ చీటీ చదువు. కిందటి వేసవిలో నేను తీసిన ఒక పుస్తకంలో 1987లో నెలకు రెండు చొప్పున ఊదారంగు ముద్రలు వరుసగా ఉన్నాయి. తరువాత పలచబడి, 1996లో ఒకటి, 2009లో ఒకటి, ఆ తరువాత నాది. ఒకప్పుడు చేతులు మారుతూ ఊరంతా తిరిగిన పుస్తకం పదేళ్లకు పైగా కదలకుండా నిలబడిపోయిందంటే, దానిని ఒకసారి బయటికి తీసుకెళ్లాలనిపించదా? నాకు అనిపించింది, తీసుకెళ్లాను. పుస్తకం గొప్పదేమీ కాదు, సగటు నవల. అయినా ఆ రోజుల్లో జనం దేనికోసం అంత ఎగబడ్డారో తెలిసింది.

రెండవది, పుటలు సరిచూడు. మళ్లీ బైండు చేసిన పుస్తకాలలో అంచులు కత్తిరించేటప్పుడు, కుట్టు బిగించేటప్పుడు లోపలి వైపు అక్షరాలు కుట్టులోకి వెళ్లిపోతాయి. అలాంటి పుస్తకం మూడు వందల పుటలు చదవడమంటే మెడనొప్పి కొని తెచ్చుకోవడమే. ఫారం అంటే ఒకే కాగితం మీద అచ్చు వేసి మడిచి కుట్టే పదహారు పుటలు గదా. బైండింగులో ఒక ఫారం జారిపోతే కథలో పదహారు పుటలు మాయం. నేను ఉద్యోగం చేసిన ఒక ఊళ్లో, వానాకాలం రాత్రి కరెంటు పోతే లాంతరు వెలుగులో డిటెక్టివ్ నవల చదువుతూ, హంతకుడు ఎవరో చెప్పడానికి డిటెక్టివు అందరినీ హాలులోకి పిలిచిన చోట పుట తిప్పితే వెనక అట్ట తగిలింది. ఆ హంతకుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచి తీసుకునే ముందు చివరి పుట ఉందా లేదా అని చూస్తాను, చదవను.

ఏ నాలుగు అని అడుగుతావు. కాలేజీలో నాలుగేళ్లు తెలుగు అచ్చు చూడనిదానివి, కాబట్టి మొదటిది కథల సంకలనం కావాలి. ఒక కూర్చోవడంలో ఒక కథ అయిపోతే చదవగలనన్న ధైర్యం వస్తుంది. రెండవది ఎవరిదైనా ఆత్మకథ, నువ్వు ముందే పేరు విన్న పెద్దమనిషిది కాకపోతే మరీ మంచిది. మూడవదిగా ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర దొరికితే వదలకు. ఆయన 1830 మేలో మద్రాసులో బయలుదేరి శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్లి, కలకత్తా, పూరీల మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. మజిలీ మజిలీకీ దారి ఎట్లా ఉంది, నీళ్లు ఉన్నాయా, ఏ సరుకులు దొరుకుతాయి అని రాసుకుంటూ పోయాడు. భాష పాతది, ఒక్క బిగిన చదివితే విసుగు పుడుతుంది. అందుకని రోజుకు రెండు మూడు మజిలీలు మాత్రమే చదువుతూ, పక్కన భారతదేశ పటం పెట్టుకుని వేలితో దారి గీసుకుంటూ వెళ్లు. ఆయనకు పదిహేను నెలలు పట్టిన ప్రయాణం నువ్వు పదిహేను రోజుల్లో పూర్తి చేయలేకపోయినా తప్పులేదు, గడువు పొడిగించుకోవచ్చు. నాలుగవది నేను చెప్పను. అది ఆ దొంతరలోంచి నీ అంతట నువ్వు తీసుకోవలసినది.

పద్యకావ్యాల మీద మనసు పోతే వాటిని ఇంటికి తేకుండా పొద్దుటి పూట అక్కడే చదువుకో. నిఘంటువులు బయటికి ఇవ్వరు, అక్కడైతే చేతికి అందుతాయి. ఒక పూటకు రెండు పద్యాలు తెలిసినా చాలు. పఠన మందిరంలో కుర్చీలు దాదాపు అన్నీ పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో నిండిపోయి ఉంటాయి. వాళ్లు తెరవకముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడతారు. వాళ్లకు అది బతుకుతెరువు వ్యవహారం, నీకు తీరిక. కాబట్టి చోటు లేకపోతే దినపత్రికల బల్ల దగ్గర సర్దుకో, వాళ్ల దగ్గర ఫోనులో మాట్లాడకు.

చదివే లెక్క చెబుతాను. రెండు వందల పుటల పుస్తకం రోజుకు ముప్పై పుటల చొప్పున చదివితే వారం రోజులు. ముప్పై పుటలు అంటే అలవాటు తప్పినవాళ్లకు గంటన్నర. ఆ గంటన్నర పొద్దున కాఫీ తాగాక, ఫోను మీ అమ్మమ్మకు అప్పగించి, వీధి అరుగు మీద కూర్చుని చదువు. రాత్రి పడుకుని చదువుతాననే మాట నేను నమ్మను. నలభై పుటలు చదివాక కూడా పుస్తకం లోపలికి రానివ్వకపోతే మూసేసి తిరిగి ఇచ్చేయి. డబ్బు పెట్టి కొన్నది కాదు గనుక చివరిదాకా చదివి తీరాలన్న పట్టుదల అక్కరలేదు. నా చిన్నతనంలో మొదలుపెట్టిన పుస్తకం ముగించకపోతే పాపమన్నట్టు పెంచారు, ఆ పట్టింపుతో కొన్ని నెలలు వృథా చేసుకున్నాను.

ఒక నలభై పుటల నోటుబుక్కు కొనుక్కో. పుస్తకం పేరు, దాని మీద ఉన్న అక్సెషన్ నంబరు (గ్రంథాలయం రిజిస్టరులో ఆ ప్రతికి ఇచ్చిన వరుస సంఖ్య), తెచ్చిన తేదీ, ఇవ్వవలసిన తేదీ రాసుకుని, కింద నచ్చిన వాక్యాలు ఎత్తి రాసుకో. పుస్తకంలో గీతలు గీయకు, పెన్సిలుతో కూడా. నీకు ముందు చదివిన ఒక మహానుభావుడు ప్రతి పుటలోనూ ‘నిజం’, ‘అబద్ధం’ అని రాసి పెట్టి ఉంటాడు, అతనితో వాదించడంలోనే నీ సమయమంతా పోతుంది. పుట మూల మడవకు, బస్సు టికెట్టు పెట్టుకో. నెమలీక పెట్టుకోవడం మీ అమ్మ అలవాటు, దానివల్ల నష్టమేమీ లేదు గానీ, తిరిగి ఇచ్చేటప్పుడు తీయడం మరిచిపోయి ఏడ్చేది.

తెచ్చిన పుస్తకాన్ని ఎంత దగ్గరివాళ్లు అడిగినా ఇంకొకరి చేతికి ఇవ్వకు. నా కార్డు మీద తెచ్చిన ఒక చరిత్ర పుస్తకం తోటి ఉపాధ్యాయుడికి ‘రెండు రోజులే’ అని ఇచ్చాను. ఆయన దానిని బావమరిదికి ఇచ్చాడు, బావమరిదికి బదిలీ అయింది. అపరాధ రుసుము పెరుగుతూ పోయింది, పుస్తకం మాత్రం రాలేదు. చివరికి పుస్తకం వెల, దాని మీద రుసుము కలిపి నేనే కట్టాను. డబ్బు మాట అటుంచి, ఆ తరువాత ఆ పుస్తకం కోసం వచ్చిన ఒక కాలేజీ కుర్రాడు నా ఎదుటే ఉత్త చేతులతో వెళ్లిపోవడం చూడవలసి వచ్చింది. నువ్వు వచ్చేది వానల రోజులు కూడాను, పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బ్యాగులో పెట్టు. తడిస్తే ఎండలో ఆరేయకు, పుటలు అప్పడాల్లా వంకర్లు తిరుగుతాయి. పుటల మధ్య పాత పత్రిక కాగితాలు పెట్టి, బరువు కింద ఉంచి, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి.

నీ పదిహేడు పుస్తకాలలో ఏదైనా ఇక్కడ లేకపోతే, పాఠకుల సూచనల రిజిస్టరు అడిగి పేరు, రచయిత, ప్రచురణకర్త స్పష్టంగా రాయి. అది నువ్వున్నప్పుడు రాదు, వచ్చే ఏడాది కొనుగోలులో రావచ్చు. వస్తే నేను చదివి ఎట్లా ఉందో నీకు రాస్తాను.

చివరి పుస్తకాలు ప్రయాణం ముందు గురువారం సాయంత్రమే ఇచ్చేయి. శుక్రవారం తాళం, శనివారం పొద్దున్నే నీ రైలు. తిరిగి ఇచ్చినట్టు రిజిస్టరులో కొట్టేసేదాకా బల్ల దగ్గరనుంచి కదలకు. డిపాజిట్టు మాత్రం వెనక్కి తీసుకోవద్దు, ఆ రసీదు నా బీరువా సొరుగులో పెట్టి వెళ్లు. సంక్రాంతికి వస్తావు గదా.

మీ అమ్మమ్మ నీకోసం వీధి అరుగు మీద దీపం మార్పించింది.

ఆశీస్సులతో,
తాతయ్య